జల్లెడ గారి చెల్లెలు

"ఉచితం" అన్న మాట కంట పడితే చాలు, ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటుంది. ఆ సోమవారం పొద్దున కూడా అదే చేసింది. ముందున్న బల్ల మీద స్పిరిట్ దీపం వెలుగుతోంది. దాని పక్కన ఎవరిదో పళ్ళు లేని పై దవడ అచ్చు, అచ్చు మీద మైనపు గట్టు, గట్టులో అప్పుడే కూర్చిన ముందు పళ్ళు నాలుగు. మైనం కత్తిని దీపం మీద వెచ్చజేసి ఐదో పన్ను పెట్టబోతుంటే ఫోను టింగుమంది. లిస్టుకి కొత్త ప్రకటన వచ్చింది, చూసి వదలమని.

కట్టుడు పళ్ళు తయారు చేసేవాళ్ళందరికీ కలిపి ఒక మెయిలింగ్ లిస్టు ఉంది. నాలుగు వందల పైచిలుకు మంది ఉన్నారు అందులో. ఎవరు ఏం రాసినా ముందు ఆమె దగ్గరికి వస్తుంది, ఆమె సరేనంటేనే మిగతావాళ్ళకి వెళుతుంది. జీతం భత్యం లేని పని. మొదట్లో ఎవరూ ముందుకు రాకపోతే తలకెత్తుకుంది, తర్వాత దింపుకోవడం చేతకాలేదు. నిజం చెప్పాలంటే దింపుకోవాలని ఆమెకీ లేదు.

ఏ ప్రకటన లిస్టులోకి రావచ్చు, ఏది రాకూడదు అన్న నియమం కూడా ఆమె రాసిందే. ప్రకటన అందరికీ పనికిరావాలి, ఒక్కరి జేబు నింపకూడదు. అంతే. ఆ ఒక్క ముక్క మీద ఎన్ని పంచాయితీలో చెప్పనలవి కాదు. శిక్షణ శిబిరం అని రాస్తారు, తీరా చూస్తే ప్లాస్టర్ బస్తాలమ్మే ఆసామి. సంతాప ప్రకటన అని వస్తుంది, అయ్యో పాపం అనుకుంటూ చివరిదాకా చదివితే, పోయినాయన దుకాణాన్ని కొడుకు అదే చోట నడుపుతున్నాడనీ పాత ధరలేననీ ఉంటుంది. పోయినాయన కోసం ఒక నిమిషం ఊరుకుని, ఆమె దాన్నీ వెనక్కి పంపేసింది. అలా పంపేటప్పుడు ప్రకటన అడుగున "కారణం" అని రాసి, పక్కనే ఆ కారణమేమిటో ఖచ్చితంగా రాస్తుంది. ఉత్తినే తిప్పి కొట్టడం ఆమె మర్యాద కాదు.

జనం ఆమెకు జల్లెడ అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా. పక్కింటావిడ నవ్వుతూ పలకరిస్తే ఇంటికొచ్చి తలుపు గడియ సరిచూసుకునే రకం అని భర్త ఆటపట్టిస్తుంటాడు. ఆయన మాటలో అతిశయం లేదు.

ఇప్పుడొచ్చిన ప్రకటన చిన్నదే. "చేతులు వణుకుతున్నాయి, పని మానేస్తున్నాను. నా గది, బల్లలు, కొలిమి, సామాను, ముగ్గురు డాక్టర్ల దగ్గర్నుంచి నాకొచ్చే పని, అన్నీ ఉచితంగా అప్పగిస్తాను. చేత్తో పళ్ళు కూర్చగలవాళ్ళు కావాలి. నా ఎదుట కూర్చుని ఒక సెట్టు కూర్చి చూపిస్తే చాలు. వచ్చే ఆదివారం లోపు రండి." కింద ఫోను నంబరు.

కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చదివింది. ఊరికే ఎవడిస్తాడు? గది కూలడానికి సిద్ధంగా ఉందా? కొలిమి పాడైందా? ఆ ముగ్గురు డాక్టర్లూ ప్రాణాలు తోడేసే రకమా? ఇన్ని ప్రశ్నలు పుట్టాక ఇక పన్ను పెట్టడం ఆమె వల్ల కాలేదు. దీపం ఆర్పింది.

ఇలాంటివి తేల్చుకోవడానికి ఆమెకో పద్ధతి ఉంది. తనెవరో చెప్పదు, పేరూ ఊరూ మార్చేస్తుంది. మామూలు టెక్నీషియన్‌లా ఫోను చేసి, లిస్టులో మీ ప్రకటన చూశానండీ అంటుంది. అబద్ధమే. కానీ అనుమానం తీరగానే ప్రకటన వదిలేస్తుంది కాబట్టి గంటలో నిజమైపోయే అబద్ధం. పైగా ఆ లిస్టులో ఎవరి ప్రకటన వాళ్ళకి తిరిగి రాదు. అది వెళ్ళిందో లేదో రాసినవాళ్ళకి తెలిసే దారే లేదు.

ఫోను మొదటిసారి మోగుతుండగానే అవతల ఎత్తారు. చేతిలో పట్టుకునే కూర్చున్నట్టున్నాడు పెద్దాయన. లిస్టులో చూశానని ఆమె అనగానే, వచ్చిందా అమ్మా, వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు. రేపే రమ్మన్నాడు. అంత ఆత్రం చూసి ఆమెకు అనుమానం ఇంకో రవ్వ పెరిగింది.

మంగళవారం బస్సు దిగి ఒక సందు చివరిదాకా నడిచింది. కింద గది, పైన పెద్దాయన నివాసం. గదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. పళ్ళ రంగులు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి వెలుతురు ఉండదని ఆమెకు లోపలికి అడుగు పెట్టగానే తెలిసింది. అయినా కొంగు బిగించి సోదా మొదలుపెట్టింది. గోడల మీద అరచెయ్యి ఆన్చి చెమ్మ ఉందేమో చూసింది. కుళాయి తిప్పింది. కొలిమి వేసి, వేడెక్కుతుంటే చెవి పెట్టి వింది. రెండు దవడలనూ బిగించి తెరిచి మూసే ఇత్తడి పరికరాలు వరసగా ఉంటే ఒక్కొక్కదాన్నీ తీసి కీళ్ళు ఆడించింది. ఏ ఒక్కటీ కిర్రుమనలేదు.

పెద్దాయన చొక్కా జేబులో మైనం కత్తి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "కప్పు కూడా చూస్తారా అమ్మా? నిచ్చెన తెప్పిస్తాను" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

అమ్ముకోవచ్చు కదండీ అని ఆమె ఆరా తీసింది. కొనేవాడు మెషిన్లు దింపి మీట నొక్కుతాడనీ, తనకు చేత్తో చేసేవాళ్ళు కావాలనీ అన్నాడు. గదికి అద్దె వద్దట. కింద పని చప్పుడు వినబడుతుంటే చాలట. ఎక్కడ కెలికినా ఏమీ బయటపడలేదు. చివరికి ఆయన అచ్చులూ మైనమూ ముందు పెడితే, వచ్చిన వేషానికి తగ్గట్టు కూర్చోక తప్పలేదు. కూర్చుని ముందు పళ్ళు ఆరూ కూర్చింది. ఆయన వంగి చూసి బాగున్నాయన్నాడు. ఆమె మర్యాదకి నవ్వితే, పళ్ళకన్నా ఎక్కువసేపు ఆ ముఖం వంక చూశాడు. పళ్ళు కట్టేవాళ్ళకది అలవాటే, మనిషి కన్నా ముందు దవడ చూస్తారు. ఆమె కూడా అంతే గనక పట్టించుకోలేదు.

బయల్దేరబోతుంటే పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "నాలుగొందల మంది చదివుంటారు కదమ్మా. ఫోను చేసింది మీరొక్కరే. నా చోటు మరీ అంత తీసిపోయిందా అనిపిస్తోంది."

"ఇంకా టైముంది కదండీ" అంది ఆమె.

ఉందిలెండి అన్నాడు. ఆదివారం సాయంత్రం పాత సామాను కొనేవాణ్ణి రమ్మన్నాడట. ఎవరూ రాకపోతే వాడు ఇత్తడి తూకానికి పట్టుకుపోతాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. ప్రకటన ఇంకా వెళ్ళలేదండీ, తప్పు నాది, ఇప్పుడే వదిలేస్తాను అని నోటిదాకా వచ్చింది కూడా. కానీ చూపు కిటికీ పక్కనున్న బల్ల మీద పడింది. ఆ వెలుతురులో, ఆ కుర్చీలో, తల వంచుకుని పని చేసుకుంటున్న చెల్లెలు కనిపించింది ఆమెకు. వెళ్ళొస్తానని చెప్పి గబగబా సందు దాటింది.

చెల్లెలు వాళ్ళ మేడ మీద గదిలోనే ఉంటుంది. ఆమెదీ ఇదే పని, ఒక పెద్ద ల్యాబులో. పేరుకే ఇదే పని. రోజంతా మెషిన్ నుంచి దిగిన పళ్ళ అంచులు అరగదీయడమే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోచేతులదాకా తెల్లగా ఉంటుంది. ఆవేళ కూడా పెరట్లో కుళాయి కింద చేతులు కడుక్కుంటుంటే, "మరదలా, పిండిమరలో చేరావా ఏమిటి?" అని బావ ఎప్పటి హాస్యమే ఆడాడు. చెల్లెలు ఎప్పటిలా తిరిగి అంటించలేదు. అరగదీసే మెషిన్లు కూడా వస్తున్నాయనీ, నెలాఖరుకి సగం మందిని తీసేస్తారనీ, ఆ సగంలో తనుందనీ చెప్పింది. చెప్పి, గోళ్ళ సందుల్లో తెలుపు పోయేదాకా రుద్దుతూనే ఉంది.

బుధవారం పొద్దున అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పెద్దాయన ప్రకటన తెరిచింది. వదలడానికి ఒక్క నొక్కు చాలు. ఎందుకు వదలకూడదో చెప్పే కారణం ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ వద్దన్నా పుట్టుకొచ్చే అనుమానం కోసం ఆమె మొదటిసారి వెతుక్కుంది. మాటలో మెలిక ఉందేమోనని చదివింది, గడువు మరీ దగ్గరగా ఎందుకుందని ప్రశ్నించుకుంది, చేతులు వణుకుతున్నాయన్నాడు గానీ నిన్న గుమ్మం పట్టుకున్నప్పుడు వణకలేదే అని కూడా అనుకుంది. వణికాయి. ఆమె చూసింది. చివరికి "విచారణలో ఉంది" అని రాసి పక్కన పెట్టింది. అలా పెట్టినవాటి గురించి రాసినవాళ్ళకి ఏ కబురూ వెళ్ళదు.

వంటింట్లో చెల్లెలితో చెప్పింది, ఇలా ఒకాయన ఉన్నాడు, రేపు సెలవు పెట్టి వెళ్ళమని. లిస్టులో వచ్చిందా అని చెల్లెలు అడిగితే ఊఁ అంది. చెల్లెలికి మెయిళ్ళు చూసే ఓపిక ఉండదని ఆమెకు తెలుసు. నా చెల్లెలివని మాత్రం అనకు, సిఫారసు అనుకుంటారు అని హెచ్చరించింది. చెల్లెలు నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మైనపు ముద్ద ఒకటి పట్టుకుని చిటికెన వేలంత పన్ను చెక్కి బావ కంచం పక్కన పెట్టింది. నాకింకా అంత వయసు రాలేదమ్మా అని ఆయన లబలబలాడాడు.

గురువారం అక్క పనంతా తలకిందులే. ప్లాస్టర్ బస్తాల ఆసామి మళ్ళీ ఏదో పోటీ పేరుతో ప్రకటన పంపితే, "కారణం: ఇందులో మీ ఒక్కరికే లాభం" అని రాసి పంపేసింది. పంపాక ఆ మాటలు కాసేపు కళ్ళముందే ఉన్నాయి. భర్త టీ తెచ్చిపెట్టి, మూడు రోజులుగా ఎవర్నీ అనుమానించడం లేదు, ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నా, ఈయనకేమైనా తెలిసిందా అని ఆమె ఆయన వెళ్ళేదాకా వీపు వంక చూసింది.

చెల్లెలు తిరిగొచ్చేసరికి ఆమె రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలుపుతోంది. చెప్పులైనా విప్పకుండా చెల్లెలు బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"కూర్చావా?" అని అడిగింది ఆమె.

కూర్చిందట. పై సెట్టూ కింది సెట్టూ రెండూ కూర్చిందట. పెద్దాయన వాటిని ఇత్తడి దవడల్లో బిగించి, మూసి, తెరిచి, మళ్ళీ మూసి, ఇన్నాళ్ళూ ఈ చేతులతో అంచులు అరగదీయించారా అన్నాడట. ఆ తర్వాత చెల్లెలు నవ్వితే ఆమె వంకే చూస్తూ, మంగళవారం వచ్చినావిడ మీ అక్కే కదూ అన్నాడట. నవ్వితే కింది దవడ ఎడమకి రవ్వంత జరుగుతుంది ఇద్దరికీ. జీవితమంతా దవడలు చూసినవాడికి అది దాగుతుందా? ముఖానికి ముసుగేసుకు వెళ్ళినా బాగుండేది. పేరు మార్చి, ఊరు మార్చి చెప్పిన జల్లెడకి తన నోరు సంగతి గుర్తు రాలేదు.

"నువ్వు వెళ్ళావని నాకు తెలీదు. మా అక్క ఎందుకొస్తుందండీ, లిస్టు నడిపేదే తను కదా అన్నాను" అంది చెల్లెలు. "ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నీ ఫోనులో నా ప్రకటన ఉందేమో చూడమ్మా అన్నాడు. ఇద్దరం వెతికాం. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నాతోపాటు వెతికాడక్కా."

ఆమె గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది.

"తిట్టాడా?"

"తిట్టలేదు. హమ్మయ్య అన్నాడు. మూడు రాత్రులుగా నిద్ర లేదట. నాలుగొందల మందిలో తన చోటు ఒక్కరికీ అక్కర్లేదనుకున్నాడట. వెళ్ళనే లేదని తెలిసి సంతోషపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది."

"నెలాఖరుకి తీసేస్తారని చెప్పింది నువ్వే కదే" అంది ఆమె. "చూస్తూ ఊరుకోమంటావా? నాకోసం చేసుకున్నానా?"

"ఏ ప్రకటన వచ్చినా ఇందులో ఎవరికి లాభం అని కదా నువ్వు ముందు చూసేది. ఇది ఆపితే ఎవరికి లాభం?"

"నీకే."

"ఆయన నన్ను మెచ్చుకున్నాడు. ఎందరిలో మెచ్చుకున్నాడు? నువ్వూ నేనూ. అంతే కదా పోటీ." చెల్లెలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "బస్సులో వస్తూ ఆ మెప్పు తలుచుకుని సంతోషపడదామని చూశాను. చేతకాలేదు."

మేడమెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక ఆమె గిన్నె వంక చూసింది. ప్లాస్టర్ గరిటెతో సహా గట్టిపడిపోయింది. రబ్బరు గిన్నెని నలిపి, ముక్కలు విరిచి, చెత్తబుట్టలో పడేసింది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి పెద్దాయన ప్రకటన వదిలేసింది. ఒక్క అక్షరం మార్చలేదు, ఒక్క మాట కలపలేదు. ఇవాళే వచ్చినట్టు, ఇవాళే చూసినట్టు వెళ్ళిపోయింది. ఆదివారం లోపు ఇంకా రెండు రోజులున్నాయి, వచ్చేవాళ్ళు వస్తారు, లెక్క సరిపోయిందనుకుంది. అలా అనుకోవడం ఎంత తేలికో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

శుక్రవారం పొద్దున చెల్లెలు పనికి వెళ్ళలేదు, కిందికీ దిగలేదు. బావ టిఫిను పైకి తీసుకెళ్ళి ఖాళీ చేతులతో వచ్చి, ఏదో రాసుకుంటోంది అన్నాడు. ఆమె బల్ల ముందు కూర్చుని దీపం వెలిగించగానే ఫోను టింగుమంది. లిస్టుకి కొత్త ప్రకటన. పంపింది చెల్లెలు.

"నిన్న సాయంత్రం మీకు అందిన ఉచిత గది ప్రకటన నిజానికి సోమవారమే లిస్టుకి వచ్చింది. మా ఇంట్లో ఆగిపోయింది. ఈలోగా ఆ సంగతి తెలిసి వెళ్ళింది నేనొక్కదాన్నే. పెద్దాయనతో మాట్లాడి గడువు ఇంకో వారం పెంచాం. చేత్తో పళ్ళు కూర్చేవాళ్ళందరూ వెళ్ళండి. నిన్న నేను కూర్చింది లెక్కలోకి రాదు. నేను కూడా వస్తాను, అందరి తర్వాత కూర్చుంటాను." కింద సంతకం ఉండాల్సిన చోట "జల్లెడ గారి చెల్లెలు" అని ఉంది.

ఆమె కళ్ళజోడు తీసింది. చాలాసేపు తుడిచింది.

ఇందులో ఎవరికి లాభం? చెల్లెలికి కాదు, చేతికొచ్చినదాన్ని నలుగురి ముందూ పెట్టేస్తోంది. పెద్దాయనకు పదిమంది వస్తారు, అది ఆయన అడిగిందే. చదివినవాళ్ళందరికీ పనికొస్తుంది. ఎవరి జేబూ నిండదు. ఇన్నేళ్ళలో నియమానికి ఇంత అతికినట్టు సరిపోయిన ప్రకటన ఆమె చూడలేదు. అదే ఆమెకు మంటగా ఉంది. సొంత చెల్లెలు కదా, వీధిలో పెట్టాలా? ఇంట్లో నాలుగు మాటలు అంటే పోయేది కదా?

భాష సరిదిద్దే హక్కు ఆమెకు ఎప్పుడూ ఉంది. "మా ఇంట్లో ఆగిపోయింది" అన్న ముక్క తీసేసి చూసింది. అది లేకపోయినా వాక్యం నిలబడుతోంది. సాంకేతిక కారణాల వల్ల అని పెడితే ఇంకా నున్నగా ఉంది. ఇలాంటి నున్నటి మాట ఎవరైనా పంపితే తను ఎంతసేపు వాళ్ళని పీడించేదో ఆమెకు తెలుసు. చెరిపేసి, చెల్లెలి మాట చెల్లెలికి తిరిగి పెట్టింది.

ఆపి ఉంచవచ్చు. అది కూడా ఆలోచించింది. విచారణలో ఉంది అని రాస్తే చాలు, చెల్లెలికి ఏ కబురూ వెళ్ళదు. గది మనుషులతో నిండినా నిండకపోయినా, ఎందుకలా జరిగిందో చెల్లెలికి తెలియదు. పెద్దాయన మూడు రోజులు ఎలా ఉన్నాడో చెల్లెలు కూడా అలాగే ఉంటుంది, ఫోను చేతిలో పట్టుకుని.

దీపం మీద పెట్టి మరిచిపోయిన మైనం కత్తి ఎర్రబడింది. దాన్ని తీసి పక్కన పెట్టి, చెల్లెలి సంతకం కింద ఆమె ఇంకో వరస టైపు చేసింది. వెనక్కి పంపినవాటికి తప్ప ఎప్పుడూ రాయని వరస అది.

"సోమవారం నుంచి ప్రకటన ఆపింది నేను. కారణం: మా చెల్లెలికే దక్కాలని."

కింద తన పేరు రాయబోయి, ఆగి, జల్లెడ అని రాసింది. నొక్కింది. నాలుగు వందల పైచిలుకు మందికి వెళ్ళిపోయింది. అరనిమిషంలో తన ఫోను టింగుమంది. పెరట్లోంచి భర్త ఏదో అడుగుతున్నాడు. మేడ మీద మాత్రం ఏ చప్పుడూ లేదు. ఎవరి ప్రకటన వాళ్ళకి తిరిగి రాదు.

ఆమె దీపం ఆర్పి, చేతులు కొంగుకి తుడుచుకుని, చెప్పి రావడానికి మెట్లెక్కింది.